పట్టు, విడుపు: కండరం లోపల అసలు జరిగేది

అర్ధరాత్రి నిద్రలో పిక్క రాయిలా బిగిసిపోతే ‘నరం పట్టేసింది’ అంటారు. పొద్దున లేవగానే తల పక్కకు తిరగకపోతే మెడ పట్టేసినట్టు. వంగి నీళ్ల బిందె ఎత్తగానే కలుక్కుమంటే నడుం పట్టేసినట్టు. ప్రాణం పోయిన కొన్ని గంటలకు కాళ్లూ చేతులూ కొయ్యబారిపోతాయి, అదీ ఒక పట్టే. కండరం గురించి తెలుగులో వాడే మాటలు ఇలా ఎక్కువగా పట్టు చుట్టూనే తిరుగుతాయి. ఆ మాటల వెనక ఉన్న అనుభవం సరైనదే. కండరానికి బిగియడం ఎంత ముఖ్యమో వదలడమూ అంతే ముఖ్యం.

బిగియడానికి శక్తి కావాలంటే ఎవరైనా ఒప్పుకుంటారు. సడలడం అంటే పని ఆపేయడమేగా, దానికి ఖర్చేముంటుంది అనుకుంటారు. అక్కడే పొరపాటు జరుగుతోంది. కండరానికి వదలడం కూడా ఒక పనే. దానికీ శక్తి ఖర్చవుతుంది, దానికీ యంత్రాంగం ఉంది, అదీ చెడిపోతుంది. పిక్క పట్టేయడం, పురుగుమందు తాగినవారికి ఊపిరి ఆగిపోవడం, శవం బిగుసుకోవడం, కాన్పు తర్వాత రక్తం ఆగడం లేదా ఆగకపోవడం, ఇవన్నీ ఒక దగ్గర చేరేది ఈ పట్టు విడుపుల లెక్కలోనే. ఆ లెక్క తెలియాలంటే ముందు కండరం ఎలా కట్టి ఉందో చూడాలి.

పీచు లోపల పీచు

ఉడికిన కోడి రొమ్ము ముక్కను వేళ్లతో చీలిస్తే పొడుగ్గా పీచులు పీచులుగా విడిపోతుంది. కంటికి కనిపించే ఆ పీచు ఒక కణం కాదు, కొన్ని పదుల నుంచి కొన్ని వందల కణాలు కలిసిన కట్ట. మనిషి కండరం కట్టుబడి కూడా ఇదే. కండరం మొత్తానికి పైన ఒక తొడుగు, లోపల ఒక్కో కట్టకు ఒక తొడుగు, ఆ కట్టలోని ప్రతి కణానికీ మరీ పల్చటి తొడుగు ఉంటాయి. ఈ మూడు తొడుగుల్లోనూ ముఖ్యమైన సరుకు కొలాజెన్ అనే ప్రొటీన్. మూడూ చివరికి వెళ్లి ఒక్కటై, తెల్లటి తాడులాంటి స్నాయువుగా మారి ఎముకను పట్టుకుంటాయి. నాటుకోడి కూర గంటసేపు ఉడికితే గానీ మెత్తబడకపోవడానికి కారణం కండ గట్టిదని కాదు. వయసు పెరిగేకొద్దీ ఈ కొలాజెన్ పోగుల మధ్య అడ్డ ముడులు పెరుగుతాయి. నీళ్లలో నిదానంగా ఉడికితే ఆ కొలాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది, అప్పుడే ముక్క విడుతుంది.

ఒక్కో కండర కణాన్నే కండర తంతువు అంటారు. దాని మందం 10 నుంచి 100 మైక్రోమీటర్లు, అంటే దాదాపు తల వెంట్రుకంత లేదా అంతకంటే సన్నం. పొడవు మాత్రం సెంటీమీటర్లలో ఉంటుంది. తుంటి ముందు నుంచి మోకాలి లోపలి వైపుకు తొడ మీదుగా ఏటవాలుగా దిగే సార్టోరియస్ ఒంట్లోకెల్లా పొడవైన కండరం. లాటిన్‌లో దర్జీ అనే మాట నుంచి ఆ పేరు వచ్చింది, ఎందుకంటే బాసింపట్టు వేసుకుని కూర్చునే భంగిమకు అది సాయపడుతుంది. ఇంత పొడవైన కణాన్ని ఒక్క కేంద్రకం నడపలేదు. పిండ దశలో ఎన్నో చిన్న కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒక తంతువుగా మారతాయి, అందుకే ఒక్కో తంతువులో వందల కేంద్రకాలు ఉంటాయి. అవి నడి మధ్యలో కాకుండా అంచుకు నొక్కుకుని ఉంటాయి. మధ్య చోటంతా పనిముట్లది.

ఆ పనిముట్లే సూక్ష్మ తంతువులు, ఒకటి రెండు మైక్రోమీటర్ల మందంతో తంతువు పొడవునా పక్కపక్కనే పేర్చి ఉంటాయి. సూక్ష్మదర్శినిలో వాటి మీద నలుపు తెలుపు చారలు వరసగా కనిపిస్తాయి, అందుకే వీటిని చారల కండరాలు అన్నారు. ఒక చార జత నుంచి తర్వాతి దాకా ఉన్న ముక్క పేరు సార్కోమియర్. కండరంలో పని చేసే అతి చిన్న యూనిట్ ఇదే. విశ్రాంతిలో దాని పొడవు రెండు, రెండున్నర మైక్రోమీటర్లు. 12 సెంటీమీటర్ల తంతువులో ఇలాంటివి దాదాపు 48 వేలు గొలుసులా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒక్కోటి అర మైక్రోమీటరు కుదించుకుంటే చాలు, తంతువు మొత్తం రెండున్నర సెంటీమీటర్ల దాకా పొట్టిదవుతుంది.

సార్కోమియర్‌లో నడుమ మయోసిన్ అనే మందపు పోగులు, రెండు చివర్ల నుంచి లోపలికి పొడుచుకొచ్చే ఆక్టిన్ అనే సన్నపు పోగులు ఉంటాయి. ఒక్కో మందపు పోగు 1.6 మైక్రోమీటర్ల పొడవు, దానిలో సుమారు 300 మయోసిన్ అణువులు కలిసి ఉంటాయి. ఒక్కో అణువుకూ రెండు తలలు. వీటికి తోడు టైటిన్ అనే మూడో పోగు ఉంది. మనకు తెలిసిన ప్రొటీన్లన్నిటిలోకీ పెద్దది అదే, ఒక్క అణువే సార్కోమియర్‌లో సగం పొడవు సాగి ఉంటుంది. కండరాన్ని లాగి వదిలితే స్ప్రింగులా వెనక్కి వచ్చే గుణానికి చాలావరకు కారణం టైటిన్.

చేద తోడినట్టు

కండరం ముడుచుకున్నప్పుడు దానిలోని ప్రొటీన్ పోగులే ముడతలు పడి పొట్టివవుతాయని 1950ల ముందు దాకా చాలామంది అనుకున్నారు. 1954లో రెండు బృందాలు విడివిడిగా, ఒకే సమయంలో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చాయి. ఒక బృందంలో ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్క్, ఇంకో దానిలో హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఉన్నారు. ఇద్దరు హక్స్‌లీలకూ బంధుత్వం లేదు. వాళ్లు చూపించింది ఇది: పోగులు ఏవీ పొట్టివి కావు, సన్నపు పోగులు మందపు పోగుల మధ్యలోకి జారతాయి, అంతే.

జారడం ఎలా? బావిలోంచి చేద తోడే మనిషి చేతులు చూస్తే సరిపోతుంది. ఒక చెయ్యి తాడు పట్టి లాగుతుంది, ఇంకో చెయ్యి వదిలి, పైకి జరిగి, మళ్లీ పట్టుకుంటుంది. రెండు చేతులూ పట్టుకునే ఉండిపోతే చేద ఉన్నచోటే వేలాడుతుంది. మయోసిన్ తలలు చేసేది కూడా అదే పని. ఒక్కో తల ఆక్టిన్‌ను పట్టుకుని, మెడ వంచి, ఒక్కసారికి సుమారు పది నానోమీటర్లు లాగుతుంది. లాగాక అది అక్కడే అతుక్కుపోయి ఉంటుంది. దాన్ని విడదీసేది ఏటీపీ, అంటే కణంలో పనులకు శక్తినిచ్చే అణువు. కొత్త ఏటీపీ అణువు వచ్చి తలలో కూర్చుంటే గానీ తల ఆక్టిన్‌ను వదలదు. వదిలాక ఆ ఏటీపీ విరిగి, అందులోని శక్తితో తల మళ్లీ ఎక్కుపెట్టిన స్థితికి చేరుతుంది. అంటే ఏటీపీ మొట్టమొదట చేసే పని విడిపించడం.

ఇక పని ఎప్పుడు మొదలవ్వాలో చెప్పేది కాల్షియం. సన్నపు పోగు పొడవునా ట్రోపోమయోసిన్ అనే తీగ చుట్టి ఉండి, మయోసిన్ పట్టుకోవలసిన చోట్లను కప్పేస్తుంది. ఆ తీగ మీద వరసగా ట్రోపోనిన్ అనే చిన్న గొళ్లేలు ఉంటాయి. నాడి సంకేతం రాగానే సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే సంచుల్లోంచి కాల్షియం ఒక్కసారిగా బయటికి ఉరికి ట్రోపోనిన్‌ను పట్టుకుంటుంది. గొళ్లెం తిరుగుతుంది, తీగ పక్కకు జరుగుతుంది, మయోసిన్‌కు దారి దొరుకుతుంది. ట్రోపోనిన్ పాత్రను 1960లలో తేల్చింది జపాన్ శాస్త్రవేత్త సెత్సురో ఎబాషి.

సంకేతం ఆగితే కండరం దానంతట అదే సడలుతుందా? సడలదు. బయటికొచ్చిన కాల్షియంను మళ్లీ సంచుల్లోకి తోడాలి. సంచి గోడల నిండా ఉన్న పంపులు ఒక్కో ఏటీపీకి రెండు కాల్షియం అయాన్ల చొప్పున ఎత్తిపోస్తాయి. లోపలి కంటే బయట వేల రెట్లు తక్కువ సాంద్రత వచ్చేదాకా ఆ ఎత్తిపోత సాగాలి. పనిలో ఉన్న కండరం ఖర్చు చేసే ఏటీపీలో సుమారు మూడో వంతు ఒక్క ఈ పంపులకే పోతుంది. ఎత్తిపోతల పథకానికి కరెంటు బిల్లు ఎంత పడుతుందో తెలిసినవాళ్లకు ఈ ఖర్చు ఆశ్చర్యం కలిగించదు.

చనిపోయాక జరిగేది ఇప్పుడు అర్థమవుతుంది. ఊపిరి ఆగితే ఏటీపీ తయారీ ఆగుతుంది. పంపులు ఆగి కాల్షియం కారుతుంది, తలలు ఆక్టిన్‌ను పట్టుకుంటాయి, విడిపించే ఏటీపీ ఉండదు. బిగుసుకోవడం మొదట కనురెప్పలు, దవడ దగ్గర కనిపించి, తర్వాత ఒళ్లంతా పాకుతుంది. సాధారణంగా పన్నెండు గంటలకల్లా ఒళ్లంతా కట్టెలా అవుతుంది. ఎండాకాలంలో ఇంకా తొందరగా వస్తుంది, తొందరగా పోతుంది. చనిపోయే ముందు బాగా పెనుగులాడినా, తీవ్రమైన జ్వరం ఉన్నా నిల్వలు ముందే అయిపోయి ఉంటాయి కనుక బిగింపు త్వరగా మొదలవుతుంది. తర్వాత ఒళ్లు మెత్తబడేది కండరం వదిలినందువల్ల కాదు, ప్రొటీన్లే కుళ్లి తెగిపోయినందువల్ల. దేహం బిగిసేలోపే కాళ్లు చాపి, దవడ కట్టి, బొటనవేళ్లు కలిపి కట్టే ఆచారం ఈ గడువుకు సరిగ్గా సరిపోతుంది.

సుబ్బారావు తేల్చిన లెక్క

ఇంత ముఖ్యమైన ఏటీపీ కండరంలో నిల్వ ఉండేది రెండు మూడు సెకన్ల గట్టి పనికి సరిపడా మాత్రమే. అది అయిపోగానే మనిషి కట్టెలా బిగుసుకుపోకుండా కాపాడేది ఏమిటన్న ప్రశ్నకు జవాబు దొరకడంలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది పెద్ద పాత్ర. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో రక్తంలో, కణజాలంలో భాస్వరాన్ని కొలిచే రంగు పద్ధతిని తయారుచేశారు. ఆ పద్ధతితో కండరాన్ని కొలుస్తుంటే రంగు రావలసిన వేగంలో రాలేదు, నెమ్మదిగా పెరుగుతూ పోయింది. ఆ తేడాను కొలత తప్పని కొట్టిపారేయకుండా వెంటపడితే, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. అప్పటికి కండరం నడిచేది లాక్టిక్ ఆమ్లం వల్లనేనన్న సిద్ధాంతం రాజ్యమేలుతోంది. కండరం మీద చేసిన పనికే హిల్, మేయర్‌హాఫ్ 1922 నోబెల్ అందుకున్నారు. ఆ సిద్ధాంతానికి గట్టి దెబ్బ తగలడం ఫాస్ఫోక్రియాటిన్‌తోనే మొదలైంది.

ఫాస్ఫోక్రియాటిన్ చేసేది చేబదులు ఇవ్వడం. ఏటీపీ ఖర్చయిన మరుక్షణం తన దగ్గరున్న భాస్వరాన్ని ఇచ్చి మళ్లీ ఏటీపీని తయారుచేస్తుంది. ఇలా పది సెకన్ల దాకా నడుస్తుంది. వంద మీటర్ల పరుగుకు దాదాపు సరిపోతుంది. ఆ తర్వాత కండరంలో నిల్వ ఉండే పిండిపదార్థమైన గ్లైకోజెన్‌ను ఆక్సిజన్ లేకుండా విరగ్గొట్టే దారి, ఇంకా పైన నిమిషాలు, గంటలు సాగే పనికి ఆక్సిజన్‌తో పిండిపదార్థాన్నీ కొవ్వునూ మండించే దారి అందుకుంటాయి. జిమ్‌లలో అమ్మే క్రియాటిన్ పొడి ఈ చేబదులు ఖాతానే కొంత పెంచుతుంది. రోజుకు 3 నుంచి 5 గ్రాములు సరిపోతాయి, అంతకు మించితే మూత్రంలో పోతుంది.

ఇదే క్రియాటిన్ రోజూ కొంచెం కొంచెంగా విరిగి క్రియాటినిన్‌గా మారుతుంది. కిడ్నీ పరీక్షలో చూసేది దాన్నే. ఇక్కడ ఒక చిక్కుంది. క్రియాటినిన్ ఎంత తయారవుతుందన్నది ఒంట్లో కండ ఎంతుందన్న దాని మీద ఆధారపడుతుంది. బాగా చిక్కిపోయిన ముసలివారికి కిడ్నీ సగం చెడినా రిపోర్టులో అంకె మామూలుగానే కనిపించవచ్చు. కండలు తిరిగిన కుర్రాడికి కిడ్నీ బాగున్నా అంకె కాస్త ఎక్కువ రావచ్చు. అందుకే ఒక్క అంకె చూసి ధైర్యపడటం గానీ భయపడటం గానీ సరికాదు. వయసు, ఒళ్లు చూసి లెక్కగట్టాలి.

ఎక్కితే ఆయాసం, దిగితే నొప్పి

ఒక చదరపు సెంటీమీటరు మందం ఉన్న కండరం సుమారు రెండు నుంచి మూడు కిలోల బరువును ఆపగలదు. ఇది మగవారికీ ఆడవారికీ పెద్దగా మారదు. బలంలో తేడాకు ముఖ్య కారణం మందంలో తేడా. అయితే ఎముకల అమరిక కండరానికి కష్టాన్నే మిగిల్చింది. జబ్బ కండ మోచేయికి నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే అతుక్కుంటుంది, అరచేయి ముప్పై అయిదు సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. మోచేయి మడిచి అయిదు కిలోల బియ్యం సంచి పట్టుకుంటే కండరం మీద పడేది దానికి ఏడెనిమిది రెట్లు, 35 కిలోల పైమాటే. దానికి బదులుగా దక్కేది వేగం: కండరం ఒక సెంటీమీటరు ముడుచుకుంటే చెయ్యి ఏడెనిమిది సెంటీమీటర్లు కదులుతుంది.

కండరం పొడవును బట్టి కూడా బలం మారుతుంది. దీన్ని చూడటానికి పరికరాలు అక్కర్లేదు. అరచేతిని ముంజేతి వైపు వీలైనంత లోపలికి వంచి, అలాగే ఉంచి పిడికిలి బిగించి చూడాలి. వేళ్లు సగంలోనే ఆగిపోతాయి, పట్టు సడలిపోతుంది. వేళ్లను ముడిచే కండరాలు అప్పటికే పొట్టివైపోయి, వాటి పోగులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేసి ఉంటాయి. మరోవైపు వేళ్లను చాపే కండరాలు సాగి అడ్డుపడతాయి. మణికట్టును కాస్త వెనక్కి వంచితే పట్టు మళ్లీ ఉక్కులా వస్తుంది. 1966లో గోర్డన్, హక్స్‌లీ, జూలియన్ కప్ప కండరంలోని ఒక్కొక్క తంతువుపై కొలిచి చూపింది ఇదే: సార్కోమియర్ 2 నుంచి 2.2 మైక్రోమీటర్ల పొడవున్నప్పుడు బలం గరిష్ఠం, 3.65కు సాగదీస్తే పోగులు ఒకదానినొకటి అందుకోలేక సున్నా.

ఇక వేగం. కండరం వేగంగా ముడుచుకునేకొద్దీ బలం తగ్గుతుంది, 1938లో ఏ.వీ. హిల్ దీనికి సమీకరణం రాశారు. దీనికి తిరగేసిన సంగతి ఎక్కువమందికి తెలియదు. బిగించి ఉన్న కండరాన్ని బరువు సాగదీస్తుంటే, అంటే కండరం బ్రేకులా పనిచేస్తుంటే, అది కదలకుండా ఆపగలిగే బరువు కంటే ఒకటిన్నర రెట్ల దాకా ఎక్కువ బలాన్ని తట్టుకుంటుంది, అదీ తక్కువ ఏటీపీతో. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు తొడ కండరాలు ముడుచుకుంటూ ఒంటిని లేపుతాయి, ఆయాసం వస్తుంది, చెమట పడుతుంది. దిగేటప్పుడు ఆయాసం ఉండదు, తేలికగా ఉన్నట్టే ఉంటుంది. మర్నాడు, ఆ మర్నాడు తొడలు కదిపితే నొప్పి, మెట్టు దిగితే నరకం. దిగేటప్పుడు అవే కండరాలు సాగుతూ పట్టి ఉంచాయి. తక్కువ తలల మీద ఎక్కువ బరువు పడి, బలహీనంగా ఉన్న సార్కోమియర్లు చిరిగాయి.

ఈ నొప్పికి లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడమే కారణమని ఇప్పటికీ చెబుతుంటారు. అది నిజం కాదు. లాక్టేట్ గంట, గంటన్నరలో రక్తంలోంచి వెళ్లిపోతుంది, నొప్పి పతాకస్థాయికి చేరేది 24 నుంచి 72 గంటల మధ్య. పైగా లాక్టేట్ ఎక్కువ తయారయ్యేది ఎక్కేటప్పుడు, నొప్పి పుట్టేది దిగేటప్పుడు. చిరిగిన చోట వాపు, మరమ్మతు జరిగే రోజుల నొప్పి ఇది. ఒకసారి వచ్చి తగ్గాక అదే పని మళ్లీ చేస్తే కొన్ని వారాల దాకా అంత నొప్పి రాదు. అందుకే కొత్తగా వ్యాయామం మొదలుపెట్టేవారు మొదటి రోజే వంద గుంజీలు తీయకూడదు, పదితో మొదలుపెట్టాలి. నొప్పితో పాటు మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే మాత్రం అది మామూలు ఒళ్లు నొప్పి కాదు. కండర కణాలు పగిలి వాటిలోని మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రొటీన్ కిడ్నీల్లోకి చేరుతోందని అర్థం, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

కోడి కాలి ముక్క ఎర్రగా, రొమ్ము తెల్లగా ఉండటానికి కారణమూ మయోగ్లోబినే. రోజంతా నడిచే కాళ్లలో నిదానపు తంతువులు ఎక్కువ, వాటిలో ఆక్సిజన్‌ను పట్టుకునే ఈ ఎర్రటి ప్రొటీన్ ఎక్కువ. మనిషిలో ఇంత స్పష్టమైన విభజన ఉండదు, ప్రతి కండరంలోనూ వేగపు, నిదానపు తంతువులు కలిసే ఉంటాయి. నిలబడి ఉన్నంతసేపూ పనిచేసే పిక్క లోపలి సోలియస్‌లో నిదానపువి చాలా ఎక్కువ.

నరం మాట అబద్ధం కాదు

వెన్నుపాము నుంచి వచ్చే ఒక నాడీకణం కొన్ని తంతువులను మాత్రమే నడుపుతుంది. కన్ను కదిపే కండరాల్లో ఒక నాడీకణానికి పది దాకా తంతువులే ఉంటాయి, పిక్కలో వెయ్యి దాటుతాయి. సూదిలో దారం ఎక్కించే నేర్పుకూ బస్తా ఎత్తే మొరటు బలానికీ తేడా ఇక్కడే ఉంది.

పిక్క పట్టేసినప్పుడు కండరంలో విద్యుత్తును కొలిస్తే నాడీకణాలు ఆగకుండా వేగంగా సంకేతాలు పంపుతున్నట్టు తేలుతుంది. కండరానికి వదిలే శక్తి ఉంది, వదలనివ్వని ఆజ్ఞ పైనుంచి వస్తోంది. కాబట్టి ‘నరం పట్టేసింది’ అన్న మాటలో నిజముంది. పాదం కిందికి వాలి, పిక్క పొట్టిగా ఉన్న భంగిమలో ఇది ఎక్కువగా వస్తుంది. మోకాలు చాపి, కాలివేళ్లను ముఖం వైపు లాగి అర నిమిషం పట్టి ఉంచితే చాలాసార్లు వదులుతుంది. సాగిన కండరం, స్నాయువు నుంచి వెళ్లే సంకేతాలు ఆ నాడీకణాన్ని నెమ్మదింపజేస్తాయి. పిసకడం కంటే సాగదీయడం మేలు.

నాడి కొస దగ్గర కూడా పట్టు విడుపులు ఉన్నాయి. నాడి కొస సంకేతాన్ని మోసే రసాయనమైన ఎసిటైల్‌కోలిన్‌ను వదులుతుంది, అది కండరం పొర మీద గ్రాహకాలను తాకుతుంది, వెంటనే ఒక ఎంజైమ్ దాన్ని తునకలు చేస్తుంది. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి పురుగుమందులు ఆ ఎంజైమ్‌నే పట్టేస్తాయి. ఎసిటైల్‌కోలిన్ పోగుపడి కండలు అదురుతాయి, ఆపైన అలసి చచ్చుబడతాయి. అట్రోపిన్ ఇంజక్షన్ నోటి నురగను, ఊపిరితిత్తుల్లో నీటిని ఆపుతుంది కానీ కండరాల మీద పనిచేయదు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, రోగి కోలుకున్నట్టే కనిపిస్తున్నప్పుడు, మెడ కండరాలు, ఆ వెంటనే ఊపిరి కండరాలు పడిపోయే ప్రమాదం ఉంది. తలను దిండు మీంచి ఎత్తలేకపోవడం దానికి తొలి గుర్తు. తెలివొచ్చింది కదా అని రెండో రోజే ఇంటికి తీసుకెళ్తామని పట్టుబట్టే బంధువులు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే ప్రాణాలు నిలుస్తాయి.

నాగుపాము విషం కండరం వైపున్న గ్రాహకాలను మూసేస్తుంది, కట్లపాము విషం నాడి కొసనే దెబ్బతీస్తుంది. రెండింటిలోనూ మొదట వాలేది కనురెప్పలు, చివరికి ఆగేది ఊపిరి. నాగుపాము కాటులో నియోస్టిగ్మిన్ అనే మందు కొంత సాయపడుతుంది, కట్లపాము కాటులో నాడి కొసే పాడవుతుంది కనుక దానితో పెద్దగా ఫలితం ఉండదు. వెంటిలేటర్ మీద రోజుల తరబడి ఓపిక పట్టాల్సి ఉంటుంది.

గుండె, గర్భసంచి

గుండె కండరానికీ చారలు ఉన్నాయి, కానీ కణాలు పొట్టివి, కొమ్మలుగా చీలి ఒకదానికొకటి విద్యుత్తు దారులతో కలిసి ఉంటాయి. ఒకటి బిగిస్తే అన్నీ బిగియాలి. రోజుకు లక్ష సార్లు కొట్టుకునే గుండెకు ఆగకుండా బిగిసి ఉండే పట్టు ఒక్కసారి వచ్చినా ప్రాణం పోతుంది. అందుకే ఒక్కో సంకేతం తర్వాత పావు సెకను దాకా ఇంకో సంకేతాన్ని అది తీసుకోదు, ఆలోపు తప్పనిసరిగా వదిలి తీరుతుంది. ఎడమ జఠరిక కండరానికి రక్తం అందేది కూడా ఎక్కువగా ఆ వదిలిన సమయంలోనే. గుండెకు రక్తం తగ్గితే మొదట దెబ్బతినేదీ సడలడమే. బిగియడం తగ్గేది ఆ తర్వాత, ఈసీజీలో మార్పు, ఛాతీ నొప్పి వచ్చేది అంతకంటే వెనక.

కణం చచ్చిపోతే లోపలి గొళ్లేలు రక్తంలోకి కొట్టుకొస్తాయి. ఆసుపత్రిలో చేసే ట్రోపోనిన్ టెస్టు వెతికేది సరిగ్గా వాటినే. గుండెలోని ట్రోపోనిన్ ఆకారం చేతి కండరంలోని దానికి కాస్త తేడాగా ఉంటుంది కనుక అది ఎక్కడిదో గుర్తుపట్టవచ్చు. రక్తంలో కనిపించేంత చేరడానికి సమయం పడుతుంది. నొప్పి మొదలైన గంటలోపు చేసిన పరీక్ష మామూలుగా వచ్చిందని వెళ్లిపోకూడదు, కొన్ని గంటలకు మళ్లీ చేయించాలి.

పేగులు, రక్తనాళాలు, గర్భసంచి గోడల్లోని నునుపు కండరానికి చారలూ లేవు, ట్రోపోనిన్ కూడా లేదు. కాల్షియం వేరే దారిలో మయోసిన్‌నే మేల్కొలుపుతుంది. దీని గొప్పదనం తక్కువ ఖర్చుతో గంటల తరబడి పట్టి ఉంచడం, ఎముకలను కదిపే అస్థి కండరంతో పోలిస్తే పదో వంతు కంటే తక్కువ శక్తితో. కాన్పు అయ్యాక మాయ ఊడిన చోట తెరుచుకున్న రక్తనాళాలను మూసేది ఈ కండరపు పోగుల బిగింపే. గర్భసంచి బిగియక మెత్తగా ఉండిపోతే నిమిషాల్లో లీటర్ల రక్తం పోతుంది. బిడ్డ పుట్టగానే ఇచ్చే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ సూది ఈ పట్టు కోసమే. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ చేసేది దీనికి తలకిందులు పని: రక్తనాళాల గోడల్లోకి కాల్షియం రాకుండా ఆపి వాటిని వదిలిస్తుంది.

మంచం పట్టినప్పుడు

అస్థి కండరం తనను తాను బాగుచేసుకోగలదు. 1961లో అలెగ్జాండర్ మౌరో గుర్తించిన శాటిలైట్ కణాలు తంతువు అంచున నిద్రపోతున్నట్టు ఉంటాయి, దెబ్బ తగిలితే లేచి, విభజన చెంది, పాత తంతువులో కలిసి దాన్ని నిలబెడతాయి. గుండెలో అలాంటి ఏర్పాటు దాదాపు లేదు, చచ్చిన చోట మచ్చ మిగులుతుంది. తొడకు గట్టి దెబ్బ తగిలి లోపల రక్తం గూడుకట్టినప్పుడు మొదటి రోజుల్లో నూనె రాసి గట్టిగా మర్దన చేయించడం పెద్ద తప్పు. రక్తస్రావం పెరుగుతుంది, కొందరిలో కొన్ని వారాలకు ఆ కండలో ఎముకే పుడుతుంది. రెండు మూడు రోజులు చల్లటి కాపడం, కట్టు, కాలు ఎత్తి ఉంచడం, ఆ తర్వాత మెల్లగా కదలిక, ఇదే సరైన వరస.

మరమ్మతు ఓడిపోయే జబ్బూ ఉంది. తంతువు లోపలి పోగులను బయటి తొడుగుకు కట్టే డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ లేకుండా పుట్టిన మగపిల్లల్లో ప్రతి బిగింపుకూ పొర చిరుగుతుంది. పిల్లవాడి పిక్కలు లావుగా కనిపిస్తాయి, బలంగా ఉన్నాడని ఇంట్లో మురుస్తారు. అసలు అక్కడ కండ పోయి కొవ్వు, పీచు చేరాయి. నేల మీద నుంచి లేచేటప్పుడు తన తొడల మీద తానే చేతులు ఆనించి పాకినట్టు పైకి లేస్తే ఇంకా ఆలస్యం చేయకుండా సీకే (క్రియాటిన్ కైనేజ్ అనే కండర ఎంజైమ్) రక్తపరీక్ష చేయించాలి.

వాడకపోతే కండరం కరుగుతుంది, అదీ చాలా వేగంగా. జ్వరం వచ్చో తుంటి విరిగో మంచం పట్టిన పెద్దవారిలో వారం పది రోజుల్లోనే తొడలు చిక్కిపోవడం కళ్లకు కనిపిస్తుంది. నలభై దాటాక ఏటా కొద్దికొద్దిగా తగ్గే కండ ఇక్కడ ఒక్కసారిగా పోతుంది. ముందు చిక్కేది కూడా తూలినప్పుడు కాలు చటుక్కున ముందుకు వేసి ఆపే వేగపు తంతువులే. మంచం దిగిన తొలి వారంలో ముసలివాళ్లు మళ్లీ పడిపోవడానికి ఇదొక కారణం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యవంతులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి, 60 కిలోల మనిషికి 50 గ్రాములు. జబ్బుపడి లేచేవారికి అంతకంటే ఎక్కువే కావాలి. అలాంటివారికి మన ఇళ్లలో పెట్టేది మాత్రం జావ, చారన్నం. గిన్నెడు చారన్నంలో ప్రొటీన్ నాలుగైదు గ్రాములు దాటదు. పక్కన ముద్దపప్పో, గుడ్డో, గడ్డ పెరుగో ఉండాలి. డాక్టరు కదలొద్దని చెప్పకపోతే రెండో రోజు నుంచే మంచం అంచున కూర్చోబెట్టి, కాళ్లు నేలకు ఆనించి, పూటకు అయిదుసార్లు లేపి నిలబెట్టాలి. కూర్చునేటప్పుడు దభాలున పడకుండా, మూడు అంకెలు లెక్కపెట్టేంత నిదానంగా దిగమనాలి, ఎందుకంటే తొడ కండరానికి ఎక్కువ బరువు పడేది, ఎక్కువ బలం వచ్చేది ఆ దిగడంలోనే.